పెద్దమ్మ చమురు మంద

మొన్న మధ్యాహ్నం చింతపండులో గింజలు తీస్తూ టీవీ పెట్టుకున్నాను. కోట్లు తొడుక్కున్న నలుగురు ఒకరి మాట మీద ఒకరు పడి అరుచుకుంటున్నారు. ఏదో చమురు కంపెనీకి ఈ ఏడు లాభం బాగా మిగిలిందట. ఆ మిగిలిన డబ్బుతో వాటాదారులకు ఏటా ఇచ్చే డివిడెండు పెంచాలా, లేకపోతే వాళ్ళ చేతిలో ఉన్న షేర్లనే మంచి ధర ఇచ్చి కంపెనీ తిరిగి కొనుక్కోవాలా అన్నది తగువు. నేను చింతపండు చేతులతోనే వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, నీ తగువే వచ్చింది చూడు" అన్నాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఆమె పోయి ఏడాది దాటింది. నా నోటికి ఇంకా ఆ సంగతి తెలియదు.

ఆమె మా అమ్మకు అక్క. ఉదయగిరిలో తమ్ముడింట్లో, అంటే మా మేనమామ ఇంట్లో ఉండేది. బ్యాంకు పనో, షేర్ల పనో పడితే బస్సెక్కి ఆత్మకూరులో మా ఇంటికి వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. గుమ్మంలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళను రెండు వేళ్ళు ఆడిస్తూ జతలు జతలుగా లెక్కపెట్టేది. గొర్రెలు దొడ్లోకి పోతుంటే లెక్కపెట్టే పద్ధతి అది. పెళ్ళి పందిట్లో భోజనాల వరసనూ అట్లాగే లెక్కపెట్టేది, బస్సులో జనాన్నీ అట్లాగే. ఒకసారి మా ఇంటికి వచ్చిన పెళ్ళిచూపులవాళ్ళను ఆమె వేళ్ళాడిస్తూ లోపలికి తోలుతుంటే, నేను నవ్వాపుకోలేక కాఫీ పళ్ళెం వంచేశాను. సంబంధం మా ఆడపడుచుకు వచ్చింది. కాఫీ మరకలు మాత్రం నా చీర మీదికి వచ్చాయి.

ఈ షేర్ల సంగతులు నాకెట్లా తెలుసని అడగకండి. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. పెద్దమ్మ బడి గడపే తొక్కలేదు. మా ఇద్దరి చదువూ కలిపితే అయిదే. ఆ అయిదుతోనే మేమిద్దరం చాలా ఏళ్ళు ఒక చమురు కంపెనీని నడిపాం.

ఆమె చేతికి షేర్లు ఎట్లా వచ్చాయో చెబుతాను. ఆమె మొగుడు పెట్రోలు ట్యాంకరు తోలేవాడు. పిల్లలు లేరు. ఆయన పోయాక పుట్టింటికి వచ్చేసింది. వాళ్ళ నాయన బతికి ఉండగా పెళ్ళినాడు ఆమెకంటూ కొన్ని గొర్రెలు ఇచ్చాడు. అవి తమ్ముడి మందలోనే కలిసి మేస్తుండేవి. అక్కడే వచ్చింది చిక్కు. మందలో ఏది చచ్చినా అది పెద్దమ్మదే అయ్యేది. నక్క పట్టుకుపోతే పెద్దమ్మది, పాము కరిస్తే పెద్దమ్మది. ఈనినవన్నీ మామవి.

"నా గొర్రెలకే ఆయువు తక్కువేందిరా?" అని అడిగితే మామ, "నీ చెయ్యి అట్టాంటిది అక్కా" అనేవాడట.

ఆ రోజుల్లోనే సర్కారు ఒక చమురు కంపెనీలో వాటాలు జనానికి అమ్ముతోందని ఒక ఏజెంటు ఉదయగిరిలో ఇల్లిల్లూ తిరిగాడు. పెద్దమ్మ మొగుణ్ణి తలుచుకుంది. "ఆయన ట్యాంకరు నింపుకొని పోయినాక అమ్ముడుపోక వెనక్కి తెచ్చిన రోజు ఒక్కటి లేదు" అంది. మిగిలిన గొర్రెలన్నీ సంతలో అమ్మి షేర్లు కొంది. ఎందుకట్లా చేశావని నేనడిగితే ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. "ఆ కంపెనీలో అయితే చచ్చింది ఎవరిదో కనపడదు గదమ్మే."

అప్పటి నుంచి షేర్లను ఆమె షేర్లు అనలేదు. 'నా మంద' అనేది. డివిడెండు వస్తే 'ఈనినాయి' అనేది. కంపెనీ ఒక ఏడు బోనసు షేర్లు ఇస్తే మా వీధంతా బెల్లం పంచింది, "కవలలు మే, కవలలు" అంటూ. పెట్రోలు ధర పెరిగిందని ఊరంతా తిట్టుకుంటుంటే ఈమె లోపల్లోపల మురిసేది. ఆ మురిపెం ఉదయగిరి బస్సు ఎక్కి చార్జీ ఇచ్చేదాకానే. దిగాక కంపెనీని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. "సొంత మంద పాలు కొనుక్కొని తాగినట్టుండాది నా బతుకు."

ఆమెను చూసి నేనూ ఎగిరాను. పప్పుల డబ్బాలో దాచుకున్న డబ్బుతో అదే కంపెనీవి గుప్పెడు షేర్లు కొన్నాను. కొన్నాక నా నడకే మారిపోయింది. మా ఆయన స్కూటరు వెనక కూర్చుని బంకుకు పోతే, పెట్రోలు కొట్టే మనిషితో "బాగా పొయ్యి, మన కంపెనీయే" అనేదాన్ని. ఆ మనిషి ఒకసారి బోర్డు చూపించి, "అమ్మా, ఈ బంకు వేరే కంపెనీది" అన్నాడు. ఆ పూట నుంచి మా ఆయన పెట్రోలుకు పోయేటప్పుడు నాతో చెప్పడం మానేశాడు.

నాకు అది షోకు. పెద్దమ్మకు కాదు. ఏటా డివిడెండు పడగానే ఆ డబ్బుతో ఆమె రెండు పనులే చేసేది. తమ్ముడింటికి బియ్యం బస్తాలు దించేది, తనకు రెండు చీరలు కొనుక్కునేది. బస్తాలు దించేటప్పుడు నడివీధిలో నిలబడి నలుగురూ వినేట్టు మాట్లాడేది. పుట్టింటికి చేరిన మనిషి అన్నం ముందు ఎట్లా కూర్చుంటుందో నేను చాలా ఇళ్ళల్లో చూశాను. వడ్డించే చేతి వైపు చూస్తూ, ఇంకొంచెం అడగాలా వద్దా అనుకుంటూ కూర్చుంటారు. మా పెద్దమ్మ, "ఇంకో గరిటె ఎయ్యి మే, పిసినారిదానా" అని మామ భార్యను, మా అత్తను కసిరి మరీ వేయించుకునేది. ఆ కసురు వెనక ఉన్నది ఆ డివిడెండు.

అందుకే కంపెనీ బైబ్యాక్ అని, షేర్లు తిరిగి కొంటామన్న ఏడు ఆమె గుండెలో రాయి పడింది.

సంగతి మామ చెవికి ముందే చేరింది. బజారు ధర కంటే ఎక్కువ ఇచ్చి షేర్లు కొంటారని ఎవరో చెప్పారు. ఆ ఏడు వానల్లేవు, ఆయన బోరు సన్నపడిపోయింది. మొత్తం షేర్లు కంపెనీకి ఇచ్చేసి, ఆ డబ్బు తన చేతిలో పెడితే కొత్త బోరు వేయిస్తానని అక్క వెంట పడ్డాడు. ఆమె ఆ పోరు పడలేక మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"ఇట్ట కొనుక్కోవడం దేనికి మే? మిగిలితే అందరికీ తలా కొంచెం జాస్తి ఇయ్యొచ్చు గదా?"

నేను మా ఆయన ఫోన్లో చూసిన వీడియోలన్నీ గుర్తు చేసుకుని గొంతు సవరించుకున్నాను. ఏం చెప్పానో నాకే అర్థం కాలేదు. ఆమె చివరిదాకా విని, "నువ్వు చెప్పిందాంట్లో నాకు తెలిసింది ఒక్కటే. ఉండేవోడికి కూడు, పోయేవోడికి దారిబత్తెం. డివిడెండు కూడు, నీ బైబ్యాకు దారిబత్తెం. ఈళ్ళు పోయేవోళ్ళకు ఇంత మర్యాద ఎందుకు చేస్తాండారో నేనే అడుగుతా" అంది.

ఎవరిని అడుగుతుందంటే ఛైర్మన్ని. ఏడాదికొకసారి జరిగే వాటాదారుల సమావేశం ఇప్పుడు ఫోన్లోనే జరుగుతోంది కదా. ముందుగా పేరిచ్చుకుంటే చిన్న వాటాదారు కూడా మాట్లాడొచ్చు. ఆత్మకూరు షేర్ల ఆఫీసాయన ఆమె పోరు పడలేక పేరు ఎక్కించాడు.

ఆ రోజు పెద్దమ్మ పట్టుచీర కట్టింది. నేనూ కట్టాను, నన్నెవరో పిలిచినట్టు. పక్కింటివాళ్ళను మిక్సీ వేయొద్దని బతిమాలాను. కుక్కరుకు ఆనించి ఫోను నిలబెట్టాను. నేను కూడా కనపడాలని ఎంత జరిగినా తెరలో నా మోచెయ్యి తప్ప ఇంకేమీ పడలేదు. ఎవరెవరో ఇంగ్లీషులో, హిందీలో ఛైర్మన్ని పొగిడారు. చివరికి ఈమె వంతు వచ్చింది.

"ఛైర్మన్ బాబుకు దండాలు. మాది ఉదయగిరి. ఇంట్లో అందరూ బాగుండారా? మిగులు బాగుండాదంట, సంతోషం. ఉండేవోళ్ళకు పెడతారా, పోయేవోళ్ళకు పెడతారా? ఒక మాట చెప్పండి."

అక్కడున్న ఒక తెలుగు ఆఫీసరు ఆ ముక్కను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఛైర్మన్ నవ్వి, చాలాసేపు నిదానంగా మాట్లాడాడు. ఆఫీసరు మళ్ళీ తెలుగులో చెప్పాడు.

"అమ్మా, చమురు ధర మా చేతిలో లేదు. ఈ ఏడు పెరిగింది, వచ్చే ఏడు పడిపోవచ్చు. డివిడెండు ఒకసారి పెంచితే ఏటా అంతే వస్తుందని అందరూ నమ్ముకుంటారు. తర్వాత తగ్గిస్తే కంపెనీ చెడిపోయిందనుకుని షేర్లు అమ్ముకుంటారు. అందుకని ఎంత కరువొచ్చినా నిలబెట్టుకోగలమని ధైర్యం ఉన్నంత వరకే పెంచుతాం. ఆ పైన మిగిలినదాన్ని బైబ్యాక్‌లో పెడతాం. ఉన్న ఏడు కొంటాం, లేని ఏడు మానేస్తాం. షేర్ల సంఖ్య తగ్గుతుంది కాబట్టి ఉండిపోయినవాళ్ళ వాటా కూడా కొంచెం పెరుగుతుంది."

ఆ మాట నాకూ అర్థమైంది. మొదటిసారి వచ్చిన అల్లుడికి కోడి కోస్తే, ప్రతిసారీ కొయ్యాలి. మరుసటి రాకకు పప్పు పెడితే అలుగుతాడు. అదే దారిన పోయే చుట్టానికి ఒక పూట కోస్తే వచ్చే ఏడు అడగడు.

పెద్దమ్మ తల ఊపింది. "మందలో తలలు తగ్గితే మిగిలినవాటికి మేత జాస్తి. అది తెలుసులేయ్యా. కొత్త బావులు తవ్వేదానికి కొంచెమన్నా పెట్టుకున్నారా? మా ఉదయగిరి కొండ కింద కూడా చూడండి. మా తమ్ముడి బోరు నీళ్ళు చమురు వాసనొస్తాండాయి, దేవుడి తోడు..."

ఆమెకిచ్చిన సమయం అయిపోయిందని గొంతు ఆపేశారు. ఆమె ఆ సంగతి తెలియక కొండ ఏ పక్కన తవ్వాలో, దారి ఎట్లా రావాలో, ఎవరింట్లో భోజనం చెయ్యాలో మా కుక్కరుకు అంతా వివరంగా చెప్పింది.

సాయంత్రానికి మామ ఆత్మకూరు వచ్చేశాడు.

"అక్కా, ఇంత ధర మళ్ళీ రాదు. మొత్తం ఇచ్చేయి. బోరు ఏపిస్తా. నువ్వు సచ్చేదాకా నీ కూడు నాది."

పెద్దమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వు చెప్పేది డివిడెండురా."

"ఏంది?"

"అన్ని బావులుండే ఆయన మళ్ళేడుకు మాటియ్యడానికి భయపడతాండాడు. నీకుండేది ఒక్క బోరు, అదీ ఎండింది. నేను సచ్చేదాకా అంటుండావు. ఏ ధైర్యంతోరా?"

మామ నా వైపు చూశాడు. నేను డివిడెండుకూ బైబ్యాక్‌కూ తేడా చెప్పబోయాను. "నువ్వు గమ్మునుండు మే, నీ పెట్రోలు బంకు కథ మా ఊరిదాకా వచ్చింది" అన్నాడు. ఉన్నాను.

ఆయన అలిగి వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున అత్త ఫోను చేసింది. మా అత్త ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. "వదినా, తిన్నావా?" అంది. మందకు నీళ్ళు లేవని, తెల్లారే బిందెలెత్తుకుని పక్కవాళ్ళ తోటకు పోయి వస్తున్నానని, నడుము పట్టేసిందని మాటల్లో చెప్పింది. అంతే, పెట్టేసింది. పెద్దమ్మ చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుంది. వేళ్ళు ఆడించలేదు.

"పా మే" అని లేచింది. "ఇచ్చేద్దాం."

"ఎన్ని?"

"అన్నీ. అది బిందెలు మోస్తుంటే నేను మంద పెట్టుకొని ఏం జేసుకునేది?"

షేర్ల ఆఫీసులో ఆమె వేలిముద్రలూ సంతకం బదులు గుర్తులూ అన్నీ వేసి బయట బల్ల మీద కూర్చుంది. ఆఫీసాయన నాతో చెప్పాడు. "అమ్మా, అందరివీ అన్నీ తీసుకోరు. ఎక్కువమంది ఇస్తే తలా కొన్ని తీసుకుని మిగతావి వెనక్కి పంపుతారు." నేను చెయ్యి ఊపేశాను. "మా కంపెనీ సంగతి నాకు తెలుసులే, మర్యాదస్తులు" అన్నాను. ఆయన నవ్వుకుంటూ కాగితాలు సర్దుకున్నాడు. బంకు కథ ఆయన దాకా కూడా వచ్చిందేమో.

కొన్నాళ్ళకు ఫోనుకు సమాచారం వచ్చింది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. కొన్నే తీసుకున్నారు. చాలావరకు వెనక్కి వచ్చేశాయి.

పెద్దమ్మ దిగ్గున లేచింది. "ఏం రోగమంట నా వాటికి?"

"రోగం కాదు పెద్దమ్మా..."

"పళ్ళు చూసినారా? కాళ్ళు చూసినారా? ఎవడు చూసి వొద్దన్నాడు, వాణ్ణి నా ముందుకు రమ్మను!"

నేను పళ్ళెంలో కందిపప్పు పోసి, ఇది నీది, ఇది ఊరందరిది, కంపెనీ గరిటె ఇంతే అని చూపించబోయాను. పప్పు కలిసిపోయింది. ఏది ఎవరిదో నాకే తెలియలేదు. "ఇదే, మీ మామ మంద కూడా ఇట్టే ఉండేది" అంది ఆమె. అని, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"తోలుకొచ్చినారా, అవే వచ్చినాయా?"

"ఎవరూ తోలలేదు. వాటంతట అవే నీ ఖాతాలోకి వచ్చేసినాయి."

ఆమె ముఖం విప్పారింది. చీర సర్దుకుని, సంచీ తీసుకుని, "బిన్నా రా, బస్సు పోతాది" అంది.

మందలు కాసే ఇళ్ళల్లో ఒక కట్టు ఉంది. అమ్మిన గొర్రె కొన్నవాడి దొడ్డి దాటి తనంతట తాను పాత దొడ్డికి తిరిగొస్తే, కొన్నవాడికి డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు గానీ ఆ గొర్రెను మళ్ళీ అమ్మరు. అది ఆ ఇంట్లోనే ముసలిదై పోవాలి. మా తాత ఆ మాట దాటలేదట.

మేము పోయేసరికి మామ దొడ్డి దగ్గర మేకపిల్లలకు కొమ్మలు నరుకుతున్నాడు. పెద్దమ్మ దూరం నుంచే కేకేసింది. "తిరిగొచ్చినాయిరా!"

"ఏంది?"

"అమ్మినయ్యి. ఎవురూ తోలలా. వాటంతట అవే వచ్చినాయంట, అడుగు దీన్ని."

మామ కత్తి దించాడు. ఆయన ముఖంలో బోరు ఆశ కరిగిపోవడం నాకు కనపడింది. జాలేసింది. జాలేస్తే నేను సలహా చెబుతాను, అది నాకున్న జబ్బు. "మామా, దిగులుపడబాక. బజారులో ఎప్పుడైనా అమ్మొచ్చు. మళ్ళీ బైబ్యాకు పెడితే మళ్ళీ ఇవ్వొచ్చు" అన్నాను.

"తప్పు మే" అన్నాడు మామ. "ఇంటికి తిరిగొచ్చినదాన్ని మళ్ళీ బయటికి తోలితే ఆ ఇల్లు నిలవదు. నాయన మాట. టౌనుదానివి, నీకు తెలీదు."

అనేశాక ఆయనకే ఏదో తట్టినట్టుంది. అక్క వైపు చూడలేక కొమ్మ వైపు తిరిగి, అవసరానికి మించి గట్టిగా నరికాడు. పెద్దమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంటూ లోపలికి పోయి, "ఏమ్మే, అన్నం పెడతావా, ఎండలో మాడిపోయినాం" అని అత్తను కసిరింది. నాకూ పెట్టమని చెప్పడం మాత్రం మరిచిపోయింది.

కంపెనీ తీసుకున్న ఆ కాసిని షేర్ల డబ్బుతో బోరు మోటారు పైకి తీయించి బాగు చేయించారు. మోటారులోనే చమురు కారుతోందట. నీళ్ళు మందకు సరిపోయేంత పడ్డాయి, వాసన పోయింది. పెద్దమ్మ మాత్రం కొండ కింద చమురు ఉందనే చివరిదాకా వాదించింది, కంపెనీవాళ్ళకు భోజనం ఎక్కడ పెట్టాలో కూడా మార్చలేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ బియ్యం బస్తాలు ఆమె డబ్బుతోనే దిగాయి. మామ షేర్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆమె పోయాక ఆ షేర్లు ఎవరి పేరున రాసి పెట్టిందో కనుక్కోవడానికి మామా, అత్తా, నేనూ ఆత్మకూరు ఆఫీసుకు వెళ్ళాం. తమ్ముడి పేరే ఉంటుందని మామ అనుకున్నాడు. ఇన్నేళ్ళు సలహాలు చెప్పినదాన్ని కదా, నా పేరు ఉంటుందేమోనని నేనూ లోపల్లోపల కొంచెం ఆశపడ్డాను. అందుకే ఆ రోజు మంచి చీర కట్టుకున్నాను. ఆఫీసాయన తెర మీద చూసి అత్త పేరు చదివాడు. అత్త వెనక్కి తిరిగి చూసింది, ఆ పేరుగల మనిషి ఇంకెవరైనా వచ్చారేమోనని.

ఈ ఏడు డివిడెండు పడిన రోజు అత్త ఒక్కతే బస్సెక్కి ఆత్మకూరు వచ్చింది. అంతకుముందు ఆమె ఒంటరిగా బస్సెక్కడం నేను చూడలేదు. నేను బస్టాండుకు ఎదురుపోయాను. బ్యాంకులో పాసుపుస్తకం అచ్చు కొట్టించుకుని, ఆ కాగితాన్ని పైకీ కిందికీ తిప్పి చూసుకుని, రవికలో పెట్టుకుంది. బియ్యానికి ఎంత, మందకు మందులకు ఎంత, మిగిలింది ఎక్కడ దాచుకోవాలి అని నేను దారి పొడుగునా చెబుతూనే ఉన్నాను. ఆమె ఊఁ కొడుతూ వచ్చి, బస్టాండు పక్క టీ కొట్టు ముందు ఆగింది.

"రెండు టీలియ్యి అబ్బయా" అంది. నేను పర్సు తెరవబోతే నా మణికట్టు పట్టుకుంది. బిందెలు మోసిన చెయ్యి, కదలనివ్వలేదు.

"నువ్వు లోపల పెట్టు దాన్ని. ఈ పూట నేను తాపిస్తుండా."

టీ మరీ వేడిగా ఉంది. నేను నోరు కాల్చుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఇంకా రెండు మూడు సలహాలు మిగిలే ఉన్నాయి, కానీ ఆమె గ్లాసు చేత్తో పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, నిదానంగా తాగుతోంది. నేను కూడా తాగాను.